పైన ఇసుక, అడుగున బంకమట్టి: మెట్ట అడవి నేలల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ఇసుక నేల అనుకుని మొక్కలు నాటినవాళ్లూ, బంకమట్టి అనుకుని కాలువలు తవ్వినవాళ్లూ చివరికి దాదాపు ఒకే సందేహాలతో వస్తుంటారు. అవే ప్రశ్నలు పదేపదే రావడంతో వాటన్నిటినీ ఒకచోట చేర్చాం. నేలను గుర్తుపట్టడం దగ్గర్నుంచి చెట్టు కొట్టడం దాకా దశలవారీగా పెట్టాం. ప్రతి జవాబూ దానికదే పూర్తిగా ఉంటుంది కాబట్టి మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లొచ్చు.

## నేలను గుర్తుపట్టేటప్పుడు

పైన చూస్తే ఇసుకే, మూరెడు తవ్వితే జిగట మట్టి. ఇది ఇసుక నేలా, బంకమట్టి నేలా?

ఒక్క మాటలో పేరు పెట్టడానికి లేదు. ఇది రెండు పొరల నేల. పై పొరలో బంకమన్ను 5 నుంచి 12 శాతం మాత్రమే ఉండి, 30 నుంచి 60 సెంటీమీటర్లు దిగేసరికి 30, 40 శాతానికి, ఒక్కోచోట అంతకు మించి చేరడం మామూలే. ఇసుక రేణువు 0.05 నుంచి 2 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, బంకమన్ను రేణువు 0.002 మిల్లీమీటర్లకు లోపే. ఇంత తేడా ఉన్న రెండు పదార్థాలు ఒకదాని మీద ఒకటి ఉన్నప్పుడు నీరు, వేరు, ఎరువు అన్నీ ఆ రెండూ కలిసే గీత దగ్గర దారి మార్చుకుంటాయి. అందుకని "ఇది ఏ నేల?" అని కాక "బంకమట్టి ఎంత లోతులో మొదలవుతోంది?" అని అడగాలి. ఆ కొలత తెలియకుండా ఇచ్చే సలహా ఏదైనా ఊహే.

అడుగు పొర నిజంగా బంకమట్టేనా అని చేత్తో ఎలా తెలుసుకోవాలి?

నిమ్మకాయంత మట్టి తీసుకుని, వేళ్లకు తగిలే రాళ్లు, వేరుముక్కలు ఏరేయండి. కొద్దికొద్దిగా నీళ్లు చల్లుతూ చపాతీ ముద్ద పదునుకు వచ్చేదాకా పిసకండి. తర్వాత బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ పట్టీలా ముందుకు తోయండి. పట్టీ అసలు రాకుండా ముద్ద మాత్రమే నిలబడితే అది ఇసుక పాలు బాగా ఎక్కువున్న మట్టి. తెగిపోయేలోపు పట్టీ పొడవు 2.5 సెంటీమీటర్లలోపు ఉంటే గరప మట్టి (ఇసుక, ఒండ్రు, బంకమన్ను కలగలిసినది), 2.5 నుంచి 5 వరకు వస్తే బంకగరప, 5 దాటితే బంకమట్టి. ఈ పరీక్షను పై మట్టితోనూ అడుగు మట్టితోనూ విడివిడిగా చేయాలి. గొయ్యి పొడవునా తీసి కలిపేసిన మట్టితో చేస్తే రెండింటికీ మధ్యస్థంగా ఏదో ఒక ఫలితం వస్తుంది. అలాంటి మట్టి ఆ గోతిలో ఎక్కడా ఉండదు.

సీసాలో నీళ్లతో కలిపి చూస్తే అడుగు మట్టిలో కూడా ఇసుకే ఎక్కువ కనిపించింది. పిసికితే మాత్రం జిగటగా ఉంది. ఏది నమ్మాలి?

ఎర్రమట్టి అయితే చేతినే నమ్మండి. ఇనుప ఆక్సైడ్లు బంకమన్ను రేణువులను గట్టి గుళికలుగా అంటిస్తాయి. అవి నీళ్లలో ఇసుకలాగే వెంటనే అడుగుకు దిగిపోతాయి. దొంగ ఇసుక అన్నమాట. సీసా పరీక్ష సరిగా రావాలంటే మట్టిని ముందు రాత్రి నానబెట్టి, చెంచాడు గిన్నెలు తోమే పొడి కలిపి, కనీసం 10 నిమిషాలు గట్టిగా కుదపాలి. నిశ్చలంగా పెట్టాక ఇసుక ఒక నిమిషంలోపే దిగుతుంది, ఒండ్రు (ఇసుక కంటే సన్నటి, బంకమన్ను కంటే ముతక రేణువులు) దిగడానికి రెండు గంటలు పడుతుంది, బంకమన్ను ఒక రోజు దాటినా తేలుతూనే ఉండొచ్చు. చేత్తో పరీక్షించేటప్పుడు కూడా ఎర్రమట్టిని మామూలు కంటే రెండు మూడు నిమిషాలు ఎక్కువ పిసకాలి. మొదట గరగరలాడిన మట్టి క్రమంగా జిగటెక్కుతుంటే గుళికలు విడిపోతున్నాయన్నమాట.

గొయ్యి ఎక్కడ, ఎంత లోతు తవ్వాలి?

లోతు కనీసం 120 సెంటీమీటర్లు. ఒక్క గొయ్యి చాలదు. గుట్ట నెత్తిన ఒకటి, వాలు మధ్యలో ఒకటి, వాలు అడుగున ఒకటి కావాలి. నెత్తిన 30 సెంటీమీటర్లకే తగిలిన బంకమట్టి, వాలు అడుగున 90 సెంటీమీటర్ల దాకా తగలకపోవచ్చు. వానలు తరతరాలుగా ఇసుకను కిందికి జార్చడమే దీనికి కారణం. ఈ మూడు గోతుల మధ్య, మట్టిని తొలిచి తీసే బరమా, అంటే ఆగర్‌తో 20, 30 అడుగులకొకచోట గుచ్చి బంకమట్టి తగిలిన లోతు రాసుకోండి. పాత బాటలు, చెదపుట్టలు, వేళ్లతో సహా కూలిన చెట్ల గుంతల దగ్గర తవ్వొద్దు. అక్కడ పొరలు తారుమారై ఉంటాయి. గోతి గోడ ఎండ పడే వైపు ఉండేలా చూసుకుని, పార నున్నగా చేసిన పై చెక్కును కత్తి మొనతో పెకలించాకే రంగులు చూడాలి.

ఇసుకకూ బంకమట్టికీ మధ్య బూడిద పోసినట్టు తెల్లటి పట్టీ ఉంది. సున్నమా?

చాలావరకు కాదు. అనుమానముంటే రెండు చుక్కల పలచని ఆమ్లం వేసి చూడండి, సున్నమైతే నురగ వస్తుంది. ఇనుమూ బంకమన్నూ సేంద్రియ పదార్థమూ కొట్టుకుపోయి, ఉత్త క్వార్ట్జ్ ఇసుక రంగు బయటపడిన పొర అది. నేలశాస్త్రంలో దానికి 'ఇ' పొర అని పేరు. కింద బంకమన్ను పేరుకున్న పొర 'బిటి'. తెల్లదనం చూసి అక్కడ నీరు నిలుస్తుందని వెంటనే అనుకోకూడదు. బాగా ఇంకే నేలలో కూడా ఇలాగే ఉంటుంది. ఆ తెలుపులో తుప్పురంగు మచ్చలు, చిన్న నల్లటి గుండ్రాళ్లు కూడా కనిపిస్తే మాత్రం నీరు నిలుస్తోందని అనుమానించాలి.

అడుగు మట్టి గడ్డను విరిస్తే ముఖాలు నున్నగా మెరుస్తున్నాయి. ఎందుకు?

మూడు కారణాలు ఉండొచ్చు. నీటితో దిగిన బంకమన్ను గడ్డల ముఖాల మీద, వేరు రంధ్రాల గోడల మీద మైనం పూత లాంటి పొర కడుతుంది. భూతద్దంతో చూస్తే పూత అంచు, దాని కింద వేరే రంగు మట్టి కనిపిస్తాయి. ఈ నేలకు ఇదే అసలు ఆనవాలు. రెండోది, ఉబ్బి కుంచించుకునే మట్టిలో గడ్డలు ఒకదానిమీద ఒకటి రాసుకుని ఏర్పడే నునుపు. దాని మీద ఒకే దిశలో గీతలుంటాయి. అలాంటిచోట కట్టడాల విషయంలో జాగ్రత్త. మూడోది మీ పార చేసిన నునుపే, అది విరిచిన కొత్త ముఖం మీద ఉండదు.

దీనికి శాస్త్రీయంగా ఏ పేరు?

అమెరికా నేలల వర్గీకరణ (మొదటి ముద్రణ 1975) ప్రకారం, బాగా కడిగేసిపోయి అడుగున క్షారాల సంతృప్తత (మట్టి పట్టి ఉంచగలిగేదాంట్లో కాల్షియం, మెగ్నీషియం లాంటి క్షారాల వాటా) 35 శాతంలోపు ఉంటే అల్టిసోల్, అంతకు మించి ఉంటే ఆల్ఫిసోల్. అంతర్జాతీయ వర్గీకరణలో బంకమన్ను స్వభావం, క్షారాల స్థితిని బట్టి ఆక్రిసోల్, లిక్సిసోల్, అలిసోల్, లువిసోల్ అని నాలుగు పేర్లున్నాయి. ఆస్ట్రేలియాలో వీటిని డూప్లెక్స్ నేలలంటారు. వాటిలో అడుగు పొర బాగా ఆమ్లమైతే కురోసోల్, సోడియం పట్టినదైతే సోడోసోల్, ఈ రెండూ కాకపోతే క్రోమోసోల్. పై ఇసుక మందం 50 నుంచి 100 సెంటీమీటర్లు ఉన్న అల్టిసోల్‌కు పేరులో 'అరెనిక్' అని, 100 దాటితే 'గ్రాసరెనిక్' అని చేరుస్తారు. నేల వాడేవాడికి పనికొచ్చే సమాచారం నిజానికి ఆ చివరి మాటలోనే ఉంది.

పై మట్టికంటే బంకమన్ను ఎంత ఎక్కువుంటే అడుగు పొరను వేరుగా లెక్కిస్తారు?

అమెరికా పద్ధతిలో పై మట్టిలో బంకమన్ను 15 శాతంలోపు ఉంటే కింద కనీసం 3 శాతం అదనంగా, 15 నుంచి 40 మధ్య ఉంటే 1.2 రెట్లు, 40 దాటితే 8 శాతం అదనంగా ఉండాలి. ఈ పెరుగుదల 30 సెంటీమీటర్ల నిలువు దూరంలోపే జరగాలి. 8 శాతం నుంచి 11 శాతానికి పెరిగినా నిబంధన ప్రకారం సరిపోతుంది గానీ, నీటిని ఆపేంత తేడా అది కాదు. పేరు వచ్చినంత మాత్రాన సమస్య వచ్చినట్టు కాదు.

## ఎలా ఏర్పడిందో తెలుసుకోవాలంటే

పైనున్న బంకమన్ను కిందికి ఎలా దిగింది?

సున్నం కరిగి కొట్టుకుపోయాక, నేల ఉదజని సూచిక (ఆమ్లత్వపు కొలత, పీహెచ్) సుమారు 5 నుంచి 6.5 మధ్య ఉన్న కాలంలో బంకమన్ను రేణువులు ఒకదాన్నొకటి వదిలి నీటిలో తేలతాయి. తొలకరి వాన ఎండిన నేల పగుళ్లలోకి, వేరు రంధ్రాల్లోకి దిగేటప్పుడు వాటిని తనతో తీసుకుపోతుంది. కింద పొడిమట్టి ఆ నీటిని పీల్చుకుంటుంది, బంకమన్ను మాత్రం గోడకు అతుక్కుని ఉండిపోతుంది. అందుకే తడి, పొడి కాలాలు మారుతూ ఉండేచోట ఈ నేలలు బాగా తయారవుతాయి. ఆమ్లం మరీ పెరిగితే కరిగిన అల్యూమినియం ఆ బంకమన్ను రేణువులను మళ్లీ గడ్డకట్టించడంతో ఈ ప్రయాణం మందగిస్తుంది.

ఇదొక్కటే దారి కాదు. వాలు మీద పారే వాననీరు పై పొర నుంచి సన్నటి మన్నును ఏరుకుపోయి ఇసుకను మిగుల్చుతుంది. అడుగున ఖనిజాలు అక్కడికక్కడే శిథిలమై బంకమన్నుగా మారతాయి. చాలాచోట్ల ఈ మూడూ కలిసే పనిచేస్తాయి. ఇంత పొర కట్టడానికి సాధారణంగా వేల ఏళ్లు పడుతుంది.

పై ఇసుక ఎక్కడినుంచో వచ్చి పడిందేమో? ఎలా తేల్చాలి?

రెండు పొరల నుంచీ బంకమన్నును, ఒండ్రును కడిగేసి మిగిలిన ఇసుకను మాత్రం జల్లెడ పట్టండి. ముతక, మధ్యరకం, సన్న ఇసుక పాళ్లు రెండింటిలోనూ దగ్గరగా ఉంటే పుట్టుక ఒకటే, బంకమన్ను మాత్రమే చోటు మారింది. పాళ్లు బాగా తేడాగా ఉంటే పైది గాలికో వరదకో వచ్చి చేరిన ఇసుక. రెండు పొరల మధ్య గులకరాళ్ల వరుస కనిపించినా ఆ అనుమానం బలపడుతుంది. అయితే చెదలు సన్నమట్టిని పైకి మోసి రాళ్లను కిందే వదిలేయడం వల్ల కూడా అలాంటి వరుస ఏర్పడుతుంది. కాబట్టి రాళ్ల వరుసను ఒక్కదాన్నే చూసి తీర్పు చెప్పలేం.

## నీటి విషయంలో

వానాకాలంలో కాలు దిగబడుతుంది, రెండు వారాలు వాన లేకపోతే మొక్కలు వాడిపోతాయి. ఒకే నేలకు ఈ రెండు గుణాలేమిటి?

రెండూ ఒకే కారణం వల్ల వచ్చేవే. ఇసుకగరప గంటకు 20 నుంచి 30 మిల్లీమీటర్ల వాన ఇంకించుకుంటుంది, బంకమట్టి గంటకు 1 నుంచి 5 మాత్రమే. కిందికి పోయే దారి ఇరుకు కావడంతో నీరు ఇసుకలోనే, బంకమట్టి మీద, కూర్చుంటుంది. ఇసుకలో నీరు స్వేచ్ఛగా కదిలే ఖాళీ సుమారు 20 శాతం. అంటే బయటికి దారిలేని 30 మిల్లీమీటర్ల నీరు ఇసుకలో 15 సెంటీమీటర్ల ఎత్తుకు లేస్తుంది. అలాంటి వానలు మూడు వరసగా పడితే 45 సెంటీమీటర్ల పై పొర అంతా నిండిపోతుంది. వేళ్లకు గాలి ఉండదు, అవి పైపైనే మిగులుతాయి. వాన ఆగాక ఆ నీరు వాలు వెంట పక్కకు జారిపోతుంది. కిందికి దిగని వేళ్లకు మిగిలేది ఇసుక పట్టి ఉంచుకున్న కొద్దిపాటి తడే. ఎండకు వాడిన మొక్కను దెబ్బతీసింది చాలాసార్లు అంతకుముందు వానాకాలమే.

ఒకసారి బాగా తడిస్తే చెట్టుకు ఎన్నాళ్లు సరిపోతుంది?

ఉజ్జాయింపుగా లెక్క కట్టొచ్చు. పై ఇసుక 40 సెంటీమీటర్లు, అందులో వేళ్లకు అందే నీరు 8 శాతం అనుకుంటే 32 మిల్లీమీటర్లు. కింద 60 సెంటీమీటర్ల బంకమట్టిలో 14 శాతం అనుకుంటే 84. అడవి రోజుకు 4 మిల్లీమీటర్లు వాడితే ఇసుక ఒక్కటే 8 రోజులకు సరిపోతుంది, రెండూ కలిస్తే 29 రోజులకు. వేళ్లు బంకమట్టిలోకి దిగాయా లేదా అన్నదాని మీద ఇంత తేడా వస్తుంది. బంకమట్టిని శత్రువుగా చూసేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

తవ్విన గోతిలో నీరు ఊరింది. అది భూగర్భజలమేనా, బంకమట్టి మీద నిలిచిన నీరా?

5 సెంటీమీటర్ల వ్యాసమున్న రెండు గొట్టాలు చాలు. మొదటిదాని అడుగు బంకమట్టికి ఐదారు సెంటీమీటర్ల పైనే ఆగాలి, కింది 20 సెంటీమీటర్ల భాగానికి చిల్లులుండాలి. రెండోది బంకమట్టిలోకి మీటరు దిగాలి, చిల్లులు అడుగు భాగానికే ఉండాలి. దీని చుట్టూ బంకమట్టి మట్టం దగ్గర బెంటొనైట్ (తడిస్తే ఉబ్బే బంకమన్ను పొడి) గానీ, తడి బంకమన్ను గానీ బిగించి కూరాలి. అలా కూరకపోతే పై నీరు గొట్టం పక్కనుంచి జారి రెండింటిలోనూ ఒకే మట్టం చూపిస్తుంది. ఈ పరీక్ష ఎక్కువసార్లు తప్పేది ఇక్కడే. మొదటి గొట్టంలో నీరుండి రెండోది పొడిగా ఉంటే అది నిలిచిన నీరే. పెద్ద వాన పడ్డాక పది రోజులపాటు రోజూ కొలవాలి.

అడుగు మట్టిలో ఎరుపు, పసుపు, బూడిదరంగు మచ్చలు కలగలిసి ఉన్నాయి. వాటిని ఎలా చదవాలి?

గాలి బాగా ఆడేచోట ఇనుము హెమటైట్‌గా ఉండి ఎరుపునిస్తుంది. తేమ కొంచెం ఎక్కువకాలం నిలిస్తే గోయిథైట్‌గా మారి పసుపు, గోధుమరంగు వస్తాయి. నీటిలో మునిగి, గాలి లేక, సూక్ష్మజీవులు ఇనుమును కరిగించేస్తే మిగిలేది బూడిదరంగు. కరిగిన ఇనుము గాలి దొరికిన పగులు పక్కన మళ్లీ తుప్పు మచ్చగా పేరుకుంటుంది. బూడిదరంగు ఎంత లోతులో మొదలవుతుందో, ఏటా కొంతకాలం నీరు అంతవరకు లేస్తుందని అనుకోవచ్చు.

ఒక మినహాయింపు ఉంది. ఒకటిన్నర, రెండు మీటర్ల లోతులో కనిపించే రంగుల కలగాపులగం కొన్నిసార్లు శిథిలమైన రాయి రంగే. పాత వాతావరణంలో ఏర్పడి, నేల ఎండిపోయాక కూడా అలాగే మిగిలిన మచ్చలూ ఉంటాయి. మచ్చల అంచులు పగుళ్లను, వేరు దారులను అనుసరిస్తుంటే అవి ఇప్పటి నీటివి.

బంకమట్టికి నిలువుగా రంధ్రాలు వేస్తే నీరు దిగిపోదా?

కింద నీరు పోగల పొర ఉంటేనే దిగుతుంది. బంకమట్టి మీటరున్నర మందముండి దాని కింద కూడా గట్టి మట్టే ఉంటే ఆ రంధ్రం నీళ్లు నిండిన గొట్టంగా మిగిలిపోతుంది. ఈ నేలలో నీటికి సహజమైన దారి పక్కకే ఉంటుంది. వాలుకు అడ్డంగా, బంకమట్టిలోకి 10 సెంటీమీటర్లు దిగేలా కాలువ తీసి, పైనుంచి జారే నీటిని పట్టుకుని పక్కకు మళ్లించడం మేలు. బంకమట్టి దాకా తవ్వకుండా ఇసుకలోనే ఆపిన కాలువ కిందనుంచి సగం నీరు జారిపోతుంది.

## పోషకాలు, ఆమ్లత్వం

అడవి పచ్చగా ఉంది, మట్టి పరీక్షలో మాత్రం అన్నీ తక్కువని వచ్చింది. పరీక్ష తప్పా?

తప్పు కాదు. పోషకాల్లో ఎక్కువ భాగం చెట్లలోనూ, రాలిన ఆకుల్లోనూ, పై జానెడు మట్టిలోనూ తిరుగుతూ ఉంటుంది. పై మట్టిలో 8 శాతం బంకమన్ను, పోషకాలను తక్కువగా పట్టే కయోలినైట్ రకమైతే, దాని పోషకాలు పట్టే శక్తి కిలోకు సుమారు 8 సెంటీమోల్స్ (ఆ శక్తిని కొలిచే ప్రమాణం) అనుకున్నా నేలకు వచ్చేది 0.6 మాత్రమే. అదే మట్టిలో 1.5 శాతం హ్యూమస్, అంటే కుళ్లిన ఆకుమన్ను, ఉంటే, దాని శక్తి సుమారు 200 కాబట్టి 3 వస్తుంది. అంటే పోషకాలను పట్టి ఉంచేదాంట్లో అయిదింట నాలుగు వంతులు ఆకుమన్నే. ఆకులు ఊడ్చేసినా, కాల్చేసినా పోయేది ఈ భాగమే.

సున్నం ఎంత వేయాలి?

ముందు లెక్క. 15 సెంటీమీటర్ల లోతు వరకు హెక్టారు మట్టి సుమారు 20 లక్షల కిలోలు. అందులో కిలోకు ఒక సెంటీమోల్ ఆమ్లాన్ని తటస్థం చేయడానికి స్వచ్ఛమైన సున్నపురాయి పొడి ఒక టన్ను కావాలి. ఇసుక పై మట్టిలో ఆమ్ల నిల్వ తక్కువ కాబట్టి కొద్దిపాటి సున్నానికే ఉదజని సూచిక (పీహెచ్) పెరుగుతుంది. ప్రమాదం కూడా అదే. బంకమట్టికి చెప్పిన మోతాదు ఇక్కడ వేస్తే సూచిక 7 దాటి మాంగనీస్, జింక్, బోరాన్ మొక్కకు అందవు. ఆమ్ల నేలకు అలవాటుపడిన అడవి జాతులకు సున్నం అవసరం లేకపోవడమే ఎక్కువ. నర్సరీ మొక్కలకో, కంచె పక్కన వేసే పంటకో మాత్రం ఉపయోగపడుతుంది.

పైన సున్నం వేసి ఏళ్లయినా అడుగు మట్టి ఆమ్లంగానే ఉంది. ఏం చేయాలి?

సున్నం ఉన్నచోటే ఆమ్లాన్ని ఖర్చు చేసుకుని ఆగిపోతుంది, కిందికి దిగడం చాలా నెమ్మది. ఉదజని సూచిక (పీహెచ్) 5.5 కన్నా తగ్గే కొద్దీ కరిగే అల్యూమినియం వేరు కొసలను మొద్దుబారుస్తుంది. జిప్సం నీటిలో కరిగి, సల్ఫేటుతో కలిసి కాల్షియంను లోతుకు తీసుకెళ్తుంది, అక్కడ అల్యూమినియం విషప్రభావం తగ్గుతుంది. జిప్సం వల్ల సూచిక చెప్పుకోదగ్గంత పెరగదు. పెరగలేదు కాబట్టి పనిచేయలేదని అనుకోవద్దు, వేళ్లు ఎంత లోతుకు దిగాయో తవ్వి చూడండి. ఇసుకలోంచి మెగ్నీషియం, పొటాష్ కూడా దాంతోపాటే కొట్టుకుపోతాయి కాబట్టి ఒకేసారి పెద్ద మోతాదు పోయకూడదు.

భాస్వరం, నత్రజని వేసినా ఫలితం కనిపించలేదు. ఎందుకు?

నత్రజని నైట్రేటుగా మారి ఇసుకలోంచి ఒక్క వానకే దిగిపోతుంది, అందుకే రెండు మూడు విడతలుగా వేయాలి. భాస్వరానికి వేరే కష్టం. ఎర్ర అడుగు మట్టి తాకితే ఇనుము, అల్యూమినియం దాన్ని కట్టిపడేస్తాయి. మట్టంతా కలిపి చల్లకుండా మొక్క పక్కన గుప్పెడంత చోట పెడితే ఎక్కువ అందుతుంది. వేళ్ల మీది శిలీంధ్రం, అంటే మైకోరైజా, లేని నర్సరీ మొక్కలకు ఎంత భాస్వరం వేసినా ఎదుగుదల మందంగానే ఉంటుంది.

పరీక్షకు మట్టి ఎలా తీయాలి?

రాలిన ఆకులను పక్కకు తోసి 0–15, 15–30, 30–60 సెంటీమీటర్ల లోతుల్లో వేర్వేరుగా, 15 నుంచి 20 చోట్ల తీసి, ఏ లోతుది ఆ లోతుతోనే కలపాలి. బంకమట్టి 25 సెంటీమీటర్ల దగ్గర మొదలైతే 15–30 నమూనాను 25 దగ్గర ఆపేయండి. సెంటీమీటర్ల పట్టింపు కంటే పొర పట్టింపు ముఖ్యం.

## నాటేటప్పుడు

గుంత తీసి, ఎరువు నింపి నాటాం. వానాకాలంలో మొక్క కుళ్లిపోయింది. ఎక్కడ తప్పు?

గుంత అడుగు బంకమట్టిలోకి దిగి ఉంటుంది. చుట్టూ ఇసుకలోని నీరంతా ఆ గుంతలోకి చేరుతుంది, బయటికి పోయే దారి లేదు. మొక్కను బకెట్లో నాటినట్టే. తడిగా ఉన్నప్పుడు ఆగర్‌తో తవ్వితే గోడ కుమ్మరి సారె మీది కుండలా నునుపెక్కి, వేరు కూడా దాన్ని దాటలేదు. గుంతను బంకమట్టికి పైనే ఆపండి, వెడల్పు పెంచండి. తప్పనిసరిగా బంకమట్టిలోకి దిగితే గునపంతో గోడలనూ అడుగునూ గీరి పగలగొట్టండి. తవ్విన మట్టినే తిరిగి నింపండి, ఉత్త ఎరువు పోస్తే అది అణిగిపోయి మొక్క కుంగుతుంది. మొదలు నేల మట్టానికి రెండు మూడు సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. బంకమట్టి 20 సెంటీమీటర్లలోపే తగిలేచోట గుంత మానేసి 20, 30 సెంటీమీటర్ల ఎత్తు దిబ్బ మీద నాటడం మేలు.

గట్టి అడుగు పొరను యంత్రంతో చీల్చడం లాభమా?

పదును చూసి చేస్తేనే లాభం, ఆ పదును చాలామంది అనుకునేదానికంటే పొడిగా ఉంటుంది. అడుగు మట్టిని చేతిలో నలిపితే పొడిగా చిట్లాలి. తీగలా సాగితే ఆగిపోండి. తడి మట్టిలో యంత్రం పన్ను వెన్నలో కత్తిలా దూరి, చీలిక గోడలను నున్నగా మూసేస్తుంది. 45 నుంచి 60 సెంటీమీటర్ల లోతుకు, వాలుకు అడ్డంగానే చీల్చాలి. వాలు వెంట చీలిస్తే మొదటి పెద్ద వానకు ఆ గాడే వాగవుతుంది.

చీల్చే ముందు ఒక చిన్న పరీక్ష: అడుగు మట్టి గడ్డను స్వచ్ఛమైన నీటిలో వేసి కదపకుండా వదిలేయండి. విరిగి పడిపోయినా పర్వాలేదు, చుట్టూ పాలలాంటి మబ్బు కమ్మితే అందులో సోడియం ఉన్నట్టు. అలాంటి మట్టిని జిప్సం లేకుండా చీలిస్తే మళ్లీ కరిగి, ముందుకంటే గట్టిగా మూసుకుపోతుంది.

పై ఇసుకను, కింది బంకను కలిపేస్తే మంచి గరప నేల అవుతుంది కదా?

కాగితం మీద అవుతుంది. నిజానికి ఆమ్లం, అల్యూమినియం ఉన్న మట్టి పైకి వస్తుంది, అంతో ఇంతో హ్యూమస్ ఉన్న మట్టి కిందికి పోతుంది. ఎండితే పైన పెచ్చు కడుతుంది, విత్తనం మొలవదు.

ఎంత మందం ఇసుక ఉంటే చెట్లకు అనుకూలం?

15 సెంటీమీటర్లలోపైతే వేళ్లకు చోటు చాలదు, మీటరు దాటితే లేత మొక్క వేళ్లు బంకమట్టి తేమను అందుకునేలోపే ఎండిపోవచ్చు. 30 నుంచి 75 మధ్య చాలా జాతులు బాగా ఎదుగుతాయి. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల పైన్ అడవుల్లో పై మట్టి మందానికీ, అడుగు మట్టి స్వభావానికీ, చెట్ల ఎత్తుకూ ఉన్న సంబంధాన్ని డ్యూక్ విశ్వవిద్యాలయంలో అటవీ నేలల పరిశోధకుడు టి. ఎస్. కోయిల్ 1930ల నుంచే కొలిచి చూపాడు. పొడుగు చెట్లున్న అడవిలో ఇసుక పలచగా ఉన్నచోట గాలివానకు ముందు జాగ్రత్త పడాలి. వేళ్లు పళ్లెంలా పరుచుకుని ఉంటాయి కాబట్టి, ఇసుక నీటితో నిండినప్పుడు చెట్టు వేళ్లతో సహా లేచిపోతుంది.

## కోత, యంత్రాలు, నిప్పు

ఇసుక నేల కదా, బండ్లు తిరిగితే ఏమవుతుంది?

ఇసుకా అణుగుతుంది, బంకమట్టి ఇంకా బాగా అణుగుతుంది. ఘనపు సెంటీమీటరుకు బంకమట్టి 1.47 గ్రాములు, ఇసుక 1.8 గ్రాములు దాటితే వేరు చొరబడటం దాదాపు ఆగిపోతుంది. నష్టంలో పెద్ద భాగం మొదటి కొన్ని విడతల్లోనే జరిగిపోతుంది కాబట్టి అడవంతా తిరగకుండా ఒకే బాటను వాడుకోవాలి. పైన ఆరిందని దుంగలు లాగడం మొదలుపెట్టొద్దు, ఆగర్‌తో గుచ్చి బంకమట్టి మీద నీరు ఉందో లేదో చూడండి. పై రెండంగుళాలు పొడిగా ఉండి, మూరెడు లోతున జావలా ఉండటం ఈ నేలకు మామూలే.

వాలు మీద ఎర్రమట్టి బయటపడింది. ఆందోళన పడాలా?

పడాలి. ఇసుక పొర పూర్తిగా పోయిన ఆనవాలు అది. హెక్టారు మీద ఒక్క మిల్లీమీటరు మట్టి పోతే సుమారు 14 టన్నులు. ఎర్రమట్టి తేలాక వాన ఇంకదు, ఇంకని నీరు ఇంకా ఎక్కువ మట్టిని కోస్తుంది. ముందు పైనుంచి వచ్చే నీటిని మళ్లించండి. తర్వాత కొమ్మలు, రొట్ట అడ్డంగా పరిచి, గడ్డి జాతులతో కప్పండి, చెట్లు ఆ తర్వాత. నీటిని మళ్లించకుండా గాడిని మట్టితో పూడ్చితే మరుసటి వానకే అది తిరిగి తెరుచుకుంటుంది.

నిప్పు అంటుకున్నాక వాననీరు ఇసుక మీద బొట్లుగా నిలుస్తోంది. ఇసుక నీరు తాగదా?

కాలిన ఆకుల మైనపు ఆవిరి కింది చల్లటి ఇసుక రేణువుల మీద పూతగా గడ్డకడుతుంది. ఇసుకకు ఉపరితలం తక్కువ కాబట్టి కొద్దిపాటి మైనమే సరిపోతుంది. బొట్టు వేసి లోతు మార్చి మార్చి చూడండి, ఆ పూత రెండు మూడు సెంటీమీటర్ల కింద కూడా దాగి ఉండొచ్చు. కాలక్రమంలో దానంతట అదే తగ్గుతుంది, ఈలోగా నేలను కప్పి ఉంచితే చాలు.

## చెరువు, ఇల్లు

అడుగున బంకమట్టి ఉంది కదా అని కుంట తవ్వాం. నీరు నిలవడం లేదు.

నీరు కుంట అడుగునుంచి కాక కట్ట కిందినుంచి పోతోంది. కట్టను ఇసుక పొర మీదే వేసి ఉంటారు. కట్ట మధ్యగీత వెంట, ఇసుకను దాటి బంకమట్టిలోకి కనీసం 30 సెంటీమీటర్లు దిగేలా కందకం తీసి, పదునున్న బంకమట్టిని 15 సెంటీమీటర్ల పొరలుగా పోసి ఒక్కో పొరా దిమ్మిస కొట్టాలి. లోపలి వాలుకు బయటపడ్డ ఇసుక పట్టీని కూడా బంకమట్టితో మెత్తాలి. ఎండిన గడ్డలను అలాగే పోస్తే సందులు మిగిలి కారుతూనే ఉంటుంది.

ఈ నేల మీద గోడ కడితే పగుళ్లొస్తాయా?

అడుగు బంకమన్ను కయోలినైట్ అయితే ఉబ్బడం తక్కువ, స్మెక్టైట్ అయితే ఎక్కువ. ఎండాకాలం గొయ్యి తీసి చూడండి. గోడలో వేలు దూరేంత పగుళ్లు, గీతలు పడ్డ నున్నటి ముఖాలు ఉంటే రెండో రకమే. మొదటి రకంలో కూడా పునాది సగం ఇసుక మీద, సగం బంకమట్టి మీద పడకూడదు. రెండూ వేర్వేరుగా కుంగుతాయి. వాలు మీదైతే ఎగువన, బంకమట్టి మట్టానికి దిగేలా రాళ్లు నింపిన కాలువ తీస్తే పునాదిలోకి ఊట రాదు.